ముక్కల పత్రిక మీద మోపిన నేరం

చదివే ఓపిక చచ్చిపోయిందని, అరనిమిషం వీడియోలకు అలవాటుపడ్డ కళ్లకు నాలుగు పేజీల వ్యాసం కూడా కొండంత కనిపిస్తోందని వాపోయేవాళ్లు ఇవాళ ఊరికి పదిమంది. ఈ రోగం మన కాలంలోనే పుట్టిందని వాళ్ల నమ్మకం. కానీ ఇదే ఫిర్యాదు 140 ఏళ్ల కిందటే ఇంగ్లండులో ఒక మనిషి మీద నమోదైంది. ఆయన పేరు జార్జ్ న్యూన్స్. 1881 అక్టోబర్ 22న మాంచెస్టర్‌లో 'టిట్‌బిట్స్' అనే వారపత్రిక మొదలుపెట్టాడు. పదహారు పేజీలు, వెల ఒక పెన్నీ. రాజకీయ వార్తలు ఉండవు. జోకులు, వింతలు, పెద్దవాళ్ల గురించి కబుర్లు, లోకజ్ఞానం, పుస్తకాల్లోంచీ దేశదేశాల పత్రికల్లోంచీ కత్తిరించిన చిన్నచిన్న ముక్కలు, అంతే. బ్రిటిష్ పాఠకుడి బుర్ర చెడింది ఆ ముక్కలతోనేనని, పత్రికలు దిగజారడం అక్కడే మొదలైందని తర్వాతి తరాల వాళ్లు ఎందరో రాశారు. న్యూన్స్ చేసిన పనులన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఈ అభియోగంలో సగం కూడా నిలవదని నా అభిప్రాయం. రాతలు పొట్టివా పొడుగువా అన్నది ఆయన వ్యాపారంలో పైకి కనిపించే సంగతి మాత్రమే. పాఠకుడికి ఒక మాట ఇచ్చి దాన్ని నిలబెట్టుకోవడం మీద ఆ వ్యాపారమంతా నడిచింది. ఆయన్ని తిట్టినవాళ్లూ, ఆయన్ని చూసి నేర్చుకున్నవాళ్లూ కూడా ఈ సంగతిని పెద్దగా పట్టించుకోలేదు.

న్యూన్స్‌కు పత్రికలతో పూర్వపరిచయం లేదు. 1851లో డెర్బీషైర్‌లోని మాట్‌లాక్ బాత్‌లో ఒక పాస్టర్ ఇంట పుట్టాడు. పదహారేళ్లకే లండన్‌లో ఫ్యాన్సీ సరుకులు టోకున అమ్మే దుకాణంలో చేరి, ఆ పని మీదే మాంచెస్టర్ వచ్చాడు. సాయంత్రం పేపర్లో తనకు నచ్చిన ఒక చిన్న వార్తను భార్యకు చదివి వినిపిస్తూ, ఇలాంటివే ఏరి పత్రికగా వేస్తే ఎలా ఉంటుందని అడిగాడట. పెట్టుబడి పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు మాంచెస్టర్‌లోనే ఒక శాకాహార హోటల్ తెరిచి, ఆ డబ్బుతో పత్రిక అచ్చువేయించాడు. మొదటి సంచిక ఆ ఊళ్లో రెండు గంటల్లో 5 వేల ప్రతులు అమ్ముడుపోయింది. కొన్నేళ్లకే అమ్మకాలు లక్షల్లోకి వెళ్లాయి. ఈ గిరాకీ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే 1870 నాటి ప్రాథమిక విద్యా చట్టం పేరు చెప్పడం ఒక రివాజుగా మారింది. ఆ చట్టంతో కొత్తగా బడికెళ్లిన పేదల పిల్లలు అక్షరాలు కూడబలుక్కోవడం దాకా నేర్చుకున్నారని, ఆ అరకొర చదువుకు తగ్గ అరకొర పత్రిక దొరికిందని దాని సారాంశం. లెక్క మాత్రం కుదరదు. 1870లో ఐదేళ్ల పిల్లకు 1881లో పదహారేళ్లు. ఒక తరం మొత్తాన్ని ఆ చట్టం తయారుచేసే వేళకు టిట్‌బిట్స్ అప్పటికే స్థిరపడిపోయింది. పైగా 1871 నాటికే ఇంగ్లండులో పెళ్లి రిజిస్టర్లో సంతకం పెట్టగల మగవాళ్లు నూటికి 80 మంది ఉన్నారు. పత్రికల మీద స్టాంపు పన్ను 1855లో, కాగితం మీద సుంకం 1861లో పోవడం వల్ల పెన్నీకి పత్రిక ఇవ్వడం సాధ్యమైంది. కొన్నది ఎక్కువగా గుమాస్తాలు, కొట్లలో పనిచేసేవాళ్లు, రోజూ రైల్లో వెళ్లొచ్చేవాళ్లు. వాళ్లకు చదువు ఉంది, తీరిక లేదు. ఈ రెండు లోటుల్లో ఏది ఉందన్న తేడా ముఖ్యం. చదువు లేనివాడి కోసం పత్రిక పెడితే వాడి అజ్ఞానం మీద బతకొచ్చు. తీరిక లేనివాడి కోసం పెడితే వాడి సమయానికి ప్రతివారం జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

న్యూన్స్ చెప్పుకున్న జవాబుల్లో బాగా పేరుకెక్కింది రైలు బీమా. రైలు ప్రమాదాలు అప్పట్లో సర్వసాధారణం. 1885లో టిట్‌బిట్స్ ఒక ప్రకటన చేసింది. రైలు ప్రమాదంలో ఎవరైనా చనిపోయినప్పుడు ఆ వారం సంచిక వాళ్ల ఒంటి మీద దొరికితే చాలు, దగ్గరి బంధువుకు 100 పౌండ్లు ఇస్తామంది. దరఖాస్తు లేదు, ప్రీమియం లేదు, పత్రికే పాలసీ కాగితం. కుర్ర గుమాస్తాకు అది దాదాపు ఏడాది జీతం. అంతకుముందు 1883లో ఒక పోటీకి బహుమతిగా లండన్ శివారు డల్విచ్‌లో 800 పౌండ్ల ఇల్లు ప్రకటించారు. ఆ ఇంటికి 'టిట్‌బిట్స్ విల్లా' అని పేరుండాలన్నది ఒక్కటే షరతు. ఇల్లు ఒక మామూలు సిపాయికి దక్కింది. 1884లో ప్రశ్నల పోటీ పెట్టి, నెగ్గినవారికి ఆఫీసులోనే ఏడాదికి 100 పౌండ్ల జీతంతో గుమాస్తా ఉద్యోగం ఇస్తామన్నారు. ఆర్థర్ పియర్సన్ అనే కుర్రవాడు జవాబుల కోసం పల్లె నుంచి బెడ్‌ఫర్డ్ లైబ్రరీ దాకా సైకిల్ తొక్కి, పోటీ నెగ్గి, ఏడాది తిరిగేసరికి ఆ పత్రికకే మేనేజర్ అయ్యాడు. వీటికి తోడు పాఠకులు ఏదైనా అడిగితే జవాబులిచ్చే శీర్షిక ఒకటి, చట్టం సందేహాలకు ఇంకొకటి. వకీలు ఫీజు కట్టలేని మనిషికి పెన్నీకి సలహా దొరకడం చిన్న విషయం కాదు.

ఇదంతా ఎర వేసి చేపను పట్టడమే కదా అని వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. నిజమే, ప్రచారమే. న్యూన్స్ కూడా దాన్ని దాచుకోలేదు. అయితే ఎరతో ఒకసారి కొనిపించవచ్చు, ఏళ్ల తరబడి కొనిపించడం కుదరదు. రైలు బీమా సంగతే చూడండి. మొదటి క్లెయిమ్ వచ్చినరోజు 'సంచిక చిరిగిపోయింది, తేదీ కనిపించడం లేదు' అని కొర్రీ పెట్టి ఉంటే ఆ పథకం ఆ వారంతోనే ముగిసేది, దానితోపాటు పత్రిక పరువూ పోయేది. డబ్బు చెల్లించారు, చెల్లించినట్టు అచ్చువేశారు, చెల్లిస్తూ పోయారు. పాఠకుడికీ పత్రికకూ నడుమ ఇలాంటి లావాదేవీ అంతకుముందు పెద్దగా లేదు. పాతకాలపు గంభీరమైన పత్రిక పాఠకుడికి బోధ చేసేది, తప్పు చేస్తే మందలించేది. వాడి ఇంట్లో చావు జరిగితే ఏమవుతుందని అడగడం దాని మర్యాదలోనే లేదు. ఇవాళ్టి ఉచిత యాప్‌లు కూడా బహుమతులిస్తాయి, కూపన్లిస్తాయి. వాటికీ దీనికీ ఉన్న తేడా నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. న్యూన్స్ పెన్నీ తీసుకున్నాడు, ఏమిస్తాడో ముందే రాసిపెట్టాడు, ఇవ్వకపోతే నలుగురూ నిలదీసేలా పేరూ చిరునామా అచ్చువేశాడు.

దొంగతనం సంగతి వేరు, అక్కడ ఆయన్ని వెనకేసుకు రాలేం. తొలి రోజుల టిట్‌బిట్స్ కత్తెరా జిగురుతో తయారైన పత్రిక. ఎవరో రాసినది, ఎక్కడో అచ్చయినది కత్తిరించి వేసేవాళ్లు. రాసినవాడికి దమ్మిడీ ముట్టేది కాదు. ఆ రోజుల్లో అందరూ అదే చేసేవారు అనడం సమర్థన కిందికి రాదు. కానీ ఆ పద్ధతిలోనే ఆగిపోయాడా అన్నది కూడా చూడాలి. డబ్బు రావడం మొదలయ్యాక సొంత రచనలు అడిగాడు. కాలమ్‌కు ఒక గినీ, అంటే 21 షిల్లింగులు, ఇచ్చాడు. పేరులేని కుర్ర రచయితలకు అది ఊరించే మొత్తం. ఆ తర్వాత ప్రపంచమంతా నవ్వుకుంటూ చదివిన పి. జి. వోడ్‌హౌస్ 1900లో బ్యాంకు గుమాస్తాగా ఉంటూ టిట్‌బిట్స్‌కు రాశాడు. జేమ్స్ జాయిస్ 'యులిసీస్' నవలలో కథానాయకుడు బ్లూమ్ మరుగుదొడ్డిలో కూర్చుని టిట్‌బిట్స్‌లో వచ్చిన బహుమతి కథ చదువుతూ, రాసినవాడికి గినీల లెక్కన ఎంత ముట్టి ఉంటుందో గుణించి కాస్త కుళ్లుకుంటాడు. ఆధునిక సాహిత్యంలో అంత ఎత్తున నిలిచిన నవలలో ఈ పెన్నీ పత్రికకు దొరికిన చోటు అది. అవమానమో గౌరవమో ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకోవచ్చు.

అభియోగం పూర్తిగా బలహీనపడేది 1891 జనవరిలో. ఆ నెల న్యూన్స్ 'స్ట్రాండ్ మ్యాగజైన్' తెచ్చాడు. ఆరు పెన్నీల మాసపత్రిక. ఇలాంటివి మామూలుగా షిల్లింగు ఉండే రోజుల్లో సగం ధరకే ఇచ్చి, పేజీ పేజీకీ ఒక బొమ్మ ఉండాలన్నాడు. మొదటి సంచిక దాదాపు 3 లక్షలు పోయింది. లోపల ఫ్రెంచి, రష్యన్ కథల అనువాదాలు. ఆ మొదటి ఏడాదిలోనే పుష్కిన్ ఉన్నాడు. ముక్కలు తిని పాడైపోయిన పాఠకుడు పుష్కిన్ జోలికి వెళ్లకూడదు మరి. ఆ వసంతంలో కళ్ల డాక్టరుగా లండన్‌లో బోర్డు పెట్టి రోగులు రాక ఖాళీగా కూర్చున్న ఆర్థర్ కానన్ డాయిల్ కథలు కొన్ని సంపాదకుడు గ్రీన్‌హౌ స్మిత్ బల్ల మీదికి వచ్చాయి. డాయిల్ ఆలోచనలో ఒక మెలిక ఉంది, అది పత్రిక చదివే తీరును దగ్గరగా చూసిన మెలిక. సీరియల్ అయితే ఒక సంచిక తప్పినవాడు ఇక ఆ కథను వదిలేస్తాడు. ఏ నెలకానెల విడికథ అయితే మళ్లీ అదే పత్రిక కొనాలన్న బంధం ఉండదు. కథానాయకుడు ఒక్కడే ఉండాలి, కథ మాత్రం ప్రతి సంచికలో పూర్తయిపోవాలి, అప్పుడు రెండు లాభాలూ దక్కుతాయి. 1891 జూలైలో షెర్లాక్ హోమ్స్ మొదటి చిన్న కథ అలా వచ్చింది. బొమ్మలు వేయమన్న పని వాల్టర్ పాజెట్‌కు చేరాల్సింది, పొరపాటున అన్న సిడ్నీ పాజెట్‌కు చేరింది. మన కళ్లలో ఇప్పటికీ నిలిచిన హోమ్స్ రూపం ఆ పొరపాటు చలవే. మొదటి ఆరు కథలకు ఒక్కోదానికి 35 పౌండ్ల చిల్లర ఇచ్చారు. తర్వాతి ఆరింటికి డాయిల్ 50 అడిగితే మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఆ తర్వాతి పన్నెండుకు 1,000 అడిగితే అదీ ఇచ్చారు. వద్దనిపించుకోవాలనే ఆ మొత్తం అడిగానని డాయిల్ తర్వాత చెప్పుకున్నాడు. 1893 డిసెంబర్ సంచికలో హోమ్స్‌ను చంపేసినప్పుడు 20 వేల మంది చందా మానుకున్నారంటారు.

సరిగ్గా 1891లోనే జార్జ్ గిస్సింగ్ 'న్యూ గ్రబ్ స్ట్రీట్' అనే నవల వేశాడు. అందులో ఒక పాత్ర, పావు చదువు చదివినవాళ్ల కోసం, రెండు అంగుళాలు మించని రాతలతో ఒక పత్రిక నడిపితే లాభాలు కురుస్తాయని సలహా ఇస్తుంది. అది టిట్‌బిట్స్ మీద ఎత్తిపొడుపేనని చదివిన అందరికీ అర్థమైంది. గిస్సింగ్ గొప్ప రచయిత, తిండికి తడుముకుంటూ రాసిన మనిషి. ఆయన కోపంలో న్యాయముంది. కానీ ఆయన చిత్రించిన పాఠకుడు కదలని మనిషి. రెండు అంగుళాల దగ్గర మొదలుపెట్టినవాడు జీవితాంతం రెండు అంగుళాల దగ్గరే కూర్చుంటాడన్నది ఆ వాదనకు పునాది. ఆ నవల వచ్చిన ఏడాదిలోనే, టిట్‌బిట్స్ ప్రచురణకర్త చేతి మీదుగానే, లక్షలమంది పది పదిహేను పేజీల కథలను నెలనెలా ఎదురుచూసి చదవడం మొదలుపెట్టారు. వాళ్లంతా టిట్‌బిట్స్ నుంచి వచ్చినవాళ్లేనని నేననడం లేదు, ఆరు పెన్నీలు పెట్టగలవాళ్లు వేరే వర్గం కూడా. అయితే స్ట్రాండ్‌ను నిలబెట్టిన పెట్టుబడీ, అమ్మకాల అనుభవమూ, ఒక రచన ఎంతసేపు పాఠకుణ్ని కూర్చోబెడుతుందన్న అంచనా కూడా ఆ పెన్నీ పత్రిక సంపాదించి పెట్టినవే. తెలుగులో డిటెక్టివ్ కథలు చదివి పెరిగిన తరాలకు స్ట్రాండ్ పేరు తెలియకపోవచ్చు, హోమ్స్ మాత్రం తెలుసు. ఆ హోమ్స్ లక్షల పాఠకుల్లోకి వచ్చిన గుమ్మం అదే.

గంభీరమైన జర్నలిజం పక్షాన నిలబడ్డ డబ్ల్యు. టి. స్టెడ్‌తో న్యూన్స్ కలిసి పనిచేసిన మూడు నెలలు ఈ చర్చలో పనికొస్తాయి. 1890 జనవరిలో ఇద్దరూ కలిసి 'రివ్యూ ఆఫ్ రివ్యూస్' పెట్టారు. పొసగలేదు. స్టెడ్ 3 వేల పౌండ్లిచ్చి పత్రికను తన సొంతం చేసుకున్నాడు. విడిపోయేటప్పుడు న్యూన్స్ రాసిన ఉత్తరంలో, రాజ్యాలను నడిపే జర్నలిజం నీది, కష్టపడే జనానికి కాస్త వినోదం పంచే జర్నలిజం నాది అన్న అర్థంలో ఒప్పుకున్నాడు. దీన్ని చాలామంది న్యూన్స్ తన చిన్నతనాన్ని తానే అంగీకరించినట్టు చదువుతారు. వాళ్లు మరిచే సంగతి ఒకటుంది. 'రివ్యూ ఆఫ్ రివ్యూస్' అంటే ఏమిటి? నెలనెలా ఇతర పత్రికల్లో వచ్చిన మంచి వ్యాసాలను కుదించి, ఏరి, ఒకచోట కూర్చి అమ్మడం. పాఠకుడికి తీరిక లేదన్న అంచనా మీదే అది కూడా పుట్టింది. అంటే స్టెడ్ అమ్మినవీ ముక్కలే, కాకపోతే ముక్కల మధ్య ఉపన్యాసం ఉంటుంది. పొట్టితనమే పాపమైతే ఇద్దరూ సమానంగా పాపులే.

ఇక శిష్యుల పాపం. టిట్‌బిట్స్‌కు రాస్తూ దాని లాభాలు చూసి ఆల్‌ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ 1888లో 'ఆన్సర్స్' పెట్టాడు. మరుసటి ఏడాది, ఫలానా రోజున బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఎంత బంగారం ఉందో ఊహించినవారికి బతికినంతకాలం వారానికి ఒక పౌండు ఇస్తామన్నాడు. ప్రతి జవాబు మీదా ఐదుగురు సాక్షుల సంతకాలు ఉండాలన్నాడు. 7 లక్షల పైచిలుకు జవాబులు వచ్చాయి. ఒక్కోదానికి ఐదుగురు చొప్పున లెక్కవేస్తే, పత్రిక పేరు ఎన్ని ఇళ్లలో వినిపించిందో ఊహించుకోవచ్చు. 1896లో ఆయనే 'డెయిలీ మెయిల్' పెట్టి, బోయర్ యుద్ధం నాటికి యుద్ధోన్మాదాన్ని దండిగా అమ్మాడు. సైకిల్ తొక్కి ఉద్యోగం సంపాదించిన పియర్సన్ 1890లో సొంత వారపత్రికతో బయటికొచ్చి, 1900లో 'డెయిలీ ఎక్స్‌ప్రెస్' పెట్టాడు. వీళ్లకు పలక పట్టించింది న్యూన్సే కాబట్టి పాపంలో వాటా ఆయనదీ అంటారు. పోటీల సరంజామా ఆయన దగ్గరే నేర్చుకున్నారు, కాదనలేం. హార్మ్స్‌వర్త్ కలిపిన సరుకు మాత్రం వేరు. టిట్‌బిట్స్ ఎవరి మీదా పగ పెంచి ప్రతులు పెంచుకోలేదు. దానికి రాజకీయమే లేదు.

సంపాదించినది ఎటు పెట్టాడో కూడా చెప్పాలి. లింటన్, లిన్‌మౌత్ ఊళ్ల మధ్య కొండ రైలుకు డబ్బు పెట్టాడు. పైపెట్టె తొట్టిలో నీళ్లు నింపితే ఆ బరువుకు అది దిగి, కిందిపెట్టెను పైకి లాగే ఆ రైలు 1890 నుంచి ఇప్పటికీ నడుస్తోంది. అంటార్కిటికా నేల మీద మొదటిసారి శీతకాలం గడిపిన బోర్క్‌గ్రెవింక్ అన్వేషణ యాత్రకు ఖర్చంతా ఆయనదే, 40 వేల పౌండ్లు. ఇవన్నీ పేరు కోసమని అంటే అనవచ్చు. వాదానికి ఎక్కువ పనికొచ్చేది 'వెస్ట్‌మినిస్టర్ గెజెట్'. 1892లో లిబరల్ సాయంకాలపు పత్రిక 'పాల్ మాల్ గెజెట్'ను ఆస్టర్ అనే కోటీశ్వరుడు కొని కన్సర్వేటివ్‌ల వైపు తిప్పేశాడు. సంపాదకుడు ఇ. టి. కుక్, ఆయన మనుషులు బయటికి వచ్చేశారు. న్యూన్స్ వాళ్లను చేర్చుకుని 1893లో ఆకుపచ్చ కాగితం మీద కొత్త పత్రిక తీశాడు. కుక్ తర్వాత జె. ఎ. స్పెండర్ చేతుల్లో దాని సంపాదకీయాలకు మంత్రులు ఎదురుచూసేవారు. న్యూన్స్ స్వయంగా లిబరల్ ఎంపీ, 1895లో బారోనెట్ బిరుదూ వచ్చింది కాబట్టి అది పార్టీకి చేసిన సేవేనన్నది నిజం. కానీ ఏటా నష్టం తెచ్చే పత్రికను పదిహేనేళ్లు భరించి, సంపాదకుల పనిలో వేలు పెట్టకుండా ఉండటం మామూలు పార్టీ దాతల వల్ల అయ్యే పని కాదు. ముక్కల పత్రిక లాభమే ఆ గంభీరమైన పత్రికను మోసింది.

నేరం మోపాలంటే నేను ఇక్కడ మోపుతాను. గెజెట్ వెల ఒక పెన్నీ, టిట్‌బిట్స్ వెలా ఒక పెన్నీయే. టిట్‌బిట్స్ లక్షల్లో పోయింది, గెజెట్ ఇరవై వేల చిల్లర. రెండింటికీ యజమాని ఒక్కడే. చట్టం సందేహం అడగడానికి తనను నమ్మిన గుమాస్తాకు, ఆ చట్టం చేసే సభలో ఏం జరుగుతోందో వాడి భాషలో చెప్పే పని న్యూన్స్ టిట్‌బిట్స్‌లో ఎన్నడూ తలపెట్టలేదు. రాజకీయం క్లబ్బుల్లో కూర్చునేవాళ్లకు, వినోదం రైల్లో నిలబడేవాళ్లకు అని తనే గీత గీసుకున్నాడు. స్టెడ్‌కు రాసిన ఉత్తరంలో వినయంగా కనిపించిన మాటకు ఇంత ఖరీదు ఉంది. 1896 ఏప్రిల్‌లో 'డెయిలీ కొరియర్' అనే దినపత్రికతో ఆ గీత దాటబోయాడు, దానికీ పెన్నీ పెట్టాడు. మరుసటి నెలలో హార్మ్స్‌వర్త్ అరపెన్నీకి డెయిలీ మెయిల్ తెచ్చాడు. కొరియర్ ఆ వేసవి దాటలేదు. న్యూన్స్ మళ్లీ అటువైపు గట్టి ప్రయత్నం చేయలేదు. టిట్‌బిట్స్ పెంచిన పాఠకుడికి రోజువారీ వార్త మొదటిసారి అందింది హార్మ్స్‌వర్త్ చేతి నుంచి.